రెండో పేజీలో మూడో నంబరు

ఫోను మోగేసరికి ఆమె చేతుల నిండా పిండి. "మీ ఆఫీసే. పొద్దున్నే ఏం కొంపలంటుకున్నాయట?" అన్నాడు భర్త, తల ఎత్తకుండా. "నా టీ ఇచ్చేసి మాట్లాడుకోమ్మా" అంది హాల్లోంచి అత్తగారు. టీ ఇచ్చాకే మాట్లాడింది. పదేళ్ల కాపురంలో ఆమెకు బాగా వంటబట్టిన విద్య అదొక్కటే, తన పనిని అందరి పనుల తర్వాతికి నెట్టుకోవడం.

ఈసారి నిజంగానే కొంప అంటుకుంది. ఆసుపత్రి వెబ్‌సైటులో, ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా పేజీ ఆమె చేసిందే. పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వస్తుంటే, వాటిని చూపించే లూపు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడు, ఎన్నోసారి తిరిగిందో ఆ అంకే వరస నంబరుగా కనబడుతుంది. పేజీకి ఇరవై మంది. రెండో పేజీలో లూపు మళ్లీ మొదటికొస్తుంది. దాంతో ఇరవై మూడో మనిషి పక్కన మూడు అని పడింది. అది చూసుకుని, ఆపరేషన్‌కు తన వంతు వచ్చేసిందనుకున్న ఒక పెద్దావిడ నిన్న తెల్లారకముందే పరగడుపున వచ్చి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని, అక్కడే స్పృహ తప్పి పడిపోయింది.

ఇది ఆమెకు తెలియక జరిగింది కాదు. మూడు వారాల కిందటే టీమ్ లీడరుతో అంది. "సార్, ముందు పేజీల్లో వాళ్లని కూడా కలిపి లెక్కెయ్యాలి. ఒక్క గంట ఇవ్వండి."

"ఉన్నదే ఇరవై మంది కదమ్మా, పెరిగినప్పుడు చూద్దాం. ఇంటికెళ్లే వేళకి కొత్త పని పుట్టించకు, మీ ఆయన మమ్మల్ని తిట్టుకుంటాడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమే నవ్వింది. ఎందుకు నవ్విందో ఆ రోజు బస్సులో ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఆఫీసుకు చేరిన పది నిమిషాల్లో కోడులో ఒక్క లైను మార్చి తప్పు సరిచేసింది. లీడరు కుర్చీ పక్కకు లాక్కుని, గొంతు తగ్గించాడు.

"సాయంత్రంలోగా క్షమాపణ రాసిచ్చెయ్. నా పొరపాటే అని, నీ పేరు మీద. ఆడపిల్లవి, నిన్నైతే ఎవరూ గట్టిగా అనరు."

ఇంటికి ఫోన్ చేస్తే భర్త, "రాసి పారెయ్యరాదూ! ఆయనతో నీకెందుకు పేచీ? ఒకటి, రెండు, మూడు వెయ్యడమే కదా, అదీ తప్పుతావా?" అన్నాడు.

భోజనం వేళ ఆమె బాక్సు తెరవకుండా ఆసుపత్రికి నడిచింది. పెద్దావిడ మంచం మీద ఉంది, చేతికి సెలైను, నుదుటి మీద దెబ్బకు పట్టీ. ఆమె తలవంచుకుని తానెవరో చెప్పింది. ఆ నంబరు వేసింది తానేనంది.

ఆవిడ కూర్చోమన్నట్టు మంచం అంచు తట్టింది.

"మధ్యాహ్నానికే అనుమానమొచ్చింది తల్లీ, నా నంబరు ఇది కాదేమోనని. కానీ అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నా."

ఆమె ఆ చల్లటి చెయ్యి పట్టుకుని, నర్సు వచ్చి లేపేదాకా కూర్చుంది.

తిరిగొచ్చి లేఖ రాసింది. ఏ రోజు ఏమడిగిందో, దానికి లీడరు ఏమన్నాడో, ఆయన మాటల్లోనే పెట్టింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఇంట్లో ఏం వినాల్సొస్తుందో ఆమెకు తెలుసు. అయినా ఆసుపత్రి పెద్దలందరికీ, తమ కంపెనీ డైరెక్టరుకీ కలిపి పంపింది. చివర్లో తన తప్పు కూడా దాచలేదు: "వద్దన్నాక నేను మళ్లీ అడగలేదు. నవ్వి ఊరుకున్నాను."