రంగు మీద బోల్టు

"వెలిగిందా?"

జీపులోంచి మొగుడి కేక. ఆవిడ చేతులనిండా సబ్బు నురగతో ట్రైలర్ వెనక నిలబడింది. గిన్నెలు తోముతుంటే పిలిచాడు.

"ఎడమది మిణుకుమంటోంది. కుడిది కూడా దాంతోపాటే కొట్టుకుంటోంది."

"ఎడమ సిగ్నల్ వేస్తే కుడిదెందుకు కొట్టుకుంటుందే? సరిగ్గా చూడు!"

సరిగ్గానే చూసింది. ఆరు రోజులుగా అదే చూస్తోంది. బ్రేకు తొక్కితే సిగ్నల్ వెలుగుతుంది, సిగ్నల్ వేస్తే బ్రేకు దీపం మిణుకుతుంది. ఆయన బల్బు మార్చాడు. మళ్ళీ మార్చాడు. పుండొకచోట, మందొకచోట. రవాణా ఆఫీసు తనిఖీలో ట్రైలర్ రెండుసార్లు తప్పింది. ఇవాళ మూడోసారి. ఇదీ తప్పితే పర్మిట్ పోతుంది. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే ఆ ట్రైలరే ఇంట్లో పొయ్యి వెలిగించేది.

ఆవిడ నాన్న బళ్ళకి కరెంటు పని చేసేవాడు. పెళ్ళయ్యేదాకా ఆయన పక్కన కూచుని వైర్లు ఒలిచింది. కరెంటు వెళ్ళే దారి అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారి ఎవరూ చూడరమ్మా అనేవాడు. ఆ తిరిగొచ్చే దారే ఎర్త్ వైరు. పోయిన నెల మొగుడు ట్రైలర్‌కి రంగేశాడు. కొత్త పెళ్ళికూతురిలా ఉందని వీధంతా మెచ్చుకుంది. ఆ వైరుని ట్రైలర్ ఇనుముకి పట్టి ఉంచే ఎర్త్ బోల్టు విప్పి, దాని కిందా రంగు పూసి, ఆరాక మళ్ళీ బిగించాడు. రంగు కరెంటుని పోనిస్తుందా? దారి లేక అది పక్క దీపంలో దూరుతోంది. ఈ మాట మొదటిరోజే చెప్పింది. "పొయ్యి సంగతి చూసుకో" అన్నాడు. రెండోరోజు మళ్ళీ చెప్తే అత్త అందుకుంది: "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" దురద ఎవరిదో గానీ, ఎండలో వెనక నిలబడి చూసేది మాత్రం కత్తిపీటే.

ఆయన ఇంకో బల్బుకి బజారెళ్ళాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని, బోల్టు విప్పి, గరుకు కాగితంతో రంగు గీకింది. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకింది. వైరు కొస కూడా రుద్ది గట్టిగా బిగించింది. పావుగంట పని.

ఆయనొచ్చి బల్బు పెట్టి స్విచ్చి వేశాడు. దేనికి వెలగాల్సిన దీపం దానికే వెలిగింది.

"చూశావా? బల్బేనని చెప్పలేదూ!"

"ఎర్త్ బోల్టు గీకానండీ."

"నువ్వు గీకితే బాగవడానికి అదేమన్నా మాడిన గిన్నా?"

అత్త పకపకా నవ్వింది. ఆవిడ గొంతులోకొచ్చిన మాటని మింగేసింది. ఎన్నేళ్ళుగా మింగుతోందో, ఈపాటికి కడుపు నిండి ఉండాలి.

తనిఖీ దగ్గర కూడా వెనక నిలబడడానికి ఆవిణ్ణే తీసుకెళ్ళాడు. దీపాలన్నీ వెలిగాయి. తనిఖీదారు మాత్రం కాగితం మీద కలం పెట్టలేదు.

"ఏం బాగుచేశావు?"

"బల్బు మార్చాను సార్."

"క్రితంసారీ బల్బే అన్నావు. దార్లో మళ్ళీ ఆరితే వెనకొచ్చేవాడు గుద్ది చస్తాడు. జబ్బేంటో చెప్తేనే రాస్తాను."

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఒక్క నిమిషం ఆయన్ని అలాగే ఉండనిచ్చింది.

"బోల్టు కింద రంగుంది సార్. ఎర్త్ అందలేదు. ఇవాళ పొద్దున గీకాను."

తనిఖీదారు వంగి బోల్టు చూశాడు. వైరు లాగి చూశాడు. కాగితం మీద రాసి ముద్ర వేశాడు.

వరసలో వెనకున్న లారీ పెద్దాయన దగ్గరకొచ్చాడు. "అమ్మా, నా ట్రైలర్‌దీ ఇదే గోల. కాస్త చూస్తావా?"

"ఆవిడకేం తెలుసండీ, ఏదో గుడ్డిగా తగిలింది" అన్నాడు మొగుడు. "పద, ఇంటికెళ్దాం."

ఆవిడ జీపు పెట్టెలోంచి పానా తీసుకుంది.

"మీరెళ్ళండి. నాకు పనుంది."