డాక్టరుగారింటి గొంతునొప్పి

సౌదీలోని బురైదాలో ఊరందరి గొంతులూ చూసే డాక్టరు కృష్ణమూర్తికి ఇంట్లో ఉన్న గొంతొక్కటే కనబడలేదు. ఆయన్ని మరీ అనడానికీ లేదు. పొద్దున్నే పాలీక్లినిక్‌కి వెళ్ళి, ఖర్జూరం తోటల్లో దుమ్ము మింగి దగ్గేవాళ్ళనీ డ్రైవర్లనీ చూసి చూసి, ఇంటికొచ్చేసరికి పిండేసిన గుడ్డలా ఉండేవాడు. సోఫాలో కూలబడ్డ మనిషిని చూస్తే భార్య ఆండాళ్‌కే జాలేసేది.

అయినా మూడుసార్లు చెప్పింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందంటే ఏసీ గాలన్నాడు. బొంగురు వదలట్లేదంటే ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. ముద్ద దిగట్లేదంటే ఊఁ అన్నాడు.

ఆవిడ పుక్కిలించింది. మిరియాల పాలు తాగింది. వేపుళ్ళు మానేసి చారన్నం మెత్తగా పిసుక్కుని తినడం మొదలెట్టింది. ఒళ్ళు తగ్గి జాకెట్లు వదులైతే, కాంపౌండులో ఆడవాళ్ళు ఏం డైట్ చేస్తున్నావో చెప్పమని వెంటపడ్డారు. అబద్ధమెందుకు, ఆండాళ్ కాస్త మురిసింది కూడా. ఏమన్నా ఉంటే ఇంట్లో ఉన్న డాక్టరు కనిపెట్టడా అని ధీమా.

శుక్రవారం సెలవు. ఆయన భోజనానికి కూర్చోగానే ఫోను మోగింది. నీళ్ళ ట్యాంకర్ నడిపే అబ్దుల్ ఘనీ, కడప మనిషి. ఆయన స్పీకర్లో పెట్టి తింటున్నాడు.

"గొంతు పట్టేసి నెలయిపాయ సార్. షాపులో మాత్రలు తెచ్చుకోని మింగుతాండా, తగ్గల్యా. డ్యూటీ ఇడిసిపెట్టి రావాల్నా?"

"మూడు వారాలు దాటిన బొంగురుకి షాపు మాత్రలు కాదయ్యా, చూపించుకోవాలి. ముద్ద దిగుతోందా? ఒకవైపు చెవిలో పోటుందా? మెడలో గడ్డేమన్నా తగుల్తోందా? ఊరికే చిక్కిపోతున్నావా?"

అవేమీ లేవు, ఒట్టి బొంగురేనన్నాడు ఘనీ. అయినా సరే రేపే రమ్మని గట్టిగా చెప్పాడు కృష్ణమూర్తి.

చారు గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆండాళ్, గడ్డ సంగతి తప్ప ఒక్కో ప్రశ్నకీ లోపల్లోపలే అవుననుకుంది. చెవిపోటు జలుబువల్లనుకుంది ఇన్నాళ్ళూ. వంటింట్లోకి వెళ్ళి దవడ కింద తడుముకుంటే గట్టిగా శనగగింజంత తగిలింది. బయటనుంచి ఆయన చారులో ఉప్పు తగ్గిందన్నాడు. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. ఎవరో ట్యాంకర్ డ్రైవరు గొంతుకి అన్ని ప్రశ్నలా, నా గొంతుకి ఊఁ ఒక్కటా?

మర్నాడు క్లినిక్‌కి వెళ్ళింది. కౌంటర్లో మెహరున్నిసా, హైదరాబాదు పిల్ల, లేచి నిలబడి సార్ లోపలే ఉన్నారు, సీదా పొండి మేడమ్ అంది. ఆండాళ్ వినలేదు. అందరిలాగే టోకెన్ తీసుకుని ఆడవాళ్ళ గదిలో కూర్చుంది. ఇంట్లో నాలుగోసారి చెప్పే ఓపిక లేదామెకు. పేషెంటుగా వెళ్తే కనీసం తలెత్తి చూస్తాడు కదా.

చూడలేదు. కంప్యూటర్లోంచి కళ్ళు తిప్పకుండానే, "బైఠియే. క్యా తక్లీఫ్ హై?" అన్నాడు.

"ముద్ద దిగట్లేదండీ. చెవిలో పోటు. మెడలో గడ్డ తగుల్తోంది."

కృష్ణమూర్తి చటుక్కున తలెత్తాడు. ఇక్కడికెందుకొచ్చావని అడగలేదు. లేచి వచ్చి, టార్చి వేసి గొంతులోకి చూశాడు. మెడ రెండువైపులా వేళ్ళతో తడిమాడు. ఒకచోట వేళ్ళు ఆగాయి.

"నాకెందుకు చెప్పలేదు ఆండాళ్?"

"చెప్పానండీ."

ఎప్పుడెప్పుడు చెప్పిందో వరసపెట్టి అప్పజెప్పేద్దామనే బయల్దేరింది. ఆయన మొహం చూశాక ఆ లెక్క మానేసింది. గడ్డలన్నీ చెడ్డవి కావని, పెద్దాసుపత్రిలో గొంతులోకి కెమెరా వేసి చూస్తేగాని ఏమీ తెలియదని, ఈ సాయంత్రమే తనే తీసుకెళ్తానని చెబుతున్నాడాయన. పేషెంట్లందరికీ చెప్పే మాటలే. ముప్పైయేళ్ళ కాపురంలో ఆయన గొంతు అలా తడబడటం ఆవిడెప్పుడూ వినలేదు.

అప్పుడు వేసింది ఆండాళ్‌కి భయం.