క్లచ్ తొక్కిన రోజు

ఉప్పు గాలి.

మైపాడు సముద్రం వైపు నుంచి, సరుగుడు తోపులు దాటి వచ్చే గాలి. మెకానిక్ షెడ్డు మీద ఇంత ఇసుక చల్లి పోతుంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ ఇసుక. పానాల మీద, టీ గ్లాసు అంచు మీద, ఆ పెద్ద బండి నల్లటి బానెట్ మీద.

వనజాక్షి ఆ బండిని తుడుస్తూనే పెరిగింది.

తుడవడం వరకే.

బండి అమెరికా కారు. ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టీరింగ్ ఎడమ పక్క. నాయన పద్మనాభయ్య దాన్ని మదరాసులో వేలంపాటలో కొని, ఇందుకూరుపేట దాకా తనే నడుపుకొచ్చాడు. వీధిలో అది కదిలితే ఇళ్లలో గిన్నెలు అదిరేవి. కోళ్లు గోడలెక్కేవి.

దాని క్లచ్... అమ్మో, దాని క్లచ్!

కడ్డీకి కడ్డీ తగిలించి, వాటి వెనక మొండి స్ప్రింగు పెట్టిన పాతకాలపు ఏర్పాటు. తొక్కాలంటే తుంటి నుంచి బలం రావాలి. వయసులో ఉన్న మగపిల్లలు పనిగట్టుకుని వచ్చి తొక్కి చూసేవాళ్లు. అడుక్కంటా పోయిందా, వాడు మగాడు. సగంలో నిలిచిందా, ఆ రోజంతా షెడ్డులో వాడి మీదే నవ్వులు. నాయన స్టూలు మీద కూర్చుని తొడ చరిచి మరీ నవ్వేవాడు.

ఆహా, ఏం పందెం! ఏం ఘనకార్యం!

వనజాక్షిది పోలియో కాలు. ఎడమకాలు. మూడేళ్లప్పుడు జ్వరం వచ్చింది, జ్వరం పోయింది, పోతూ పోతూ కాలిలో సత్తువ పట్టుకుపోయింది. ఎడమచెయ్యి మోకాలి మీద వేసి నొక్కుకుంటూ నడుస్తుంది. ఆ చెయ్యి తీస్తే మోకాలు మడతపడుతుంది.

వోణీ వేసుకున్న కొత్తలో ఒకసారి నోరు జారింది.

"నేనూ నడుపుతా నాయనా."

షెడ్డు నిండా మనుషులు. నాయనకు హుషారొచ్చింది.

"రా పాపా, తొక్కు. నువ్వు తొక్కిన రోజు ఈ బండి నీదే. వీళ్లంతా సాక్షి!"

తొక్కింది. రెండు చేతులూ మోకాలి మీద వేసి, పళ్లు బిగబట్టి తొక్కింది. పెడల్ అంగుళం దిగిందో లేదో... కాలు పక్కకు జారిపోయింది. చెప్పు ఊడి కింద పడింది.

నవ్వారు.

అందరికంటే ముందు నవ్వింది నాయనే. ఆ తర్వాత తల నిమిరాడనుకోండి, అది వేరే సంగతి. "నీ వల్ల కాదులే పాపా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

నీ వల్ల కాదు.

ఆ మాట ఆ రోజు నుంచి ఇంట్లో కాపురం పెట్టింది. నెల్లూరులో కాలేజీకి పోతానంటే — బస్సులెక్కి దిగడం నీ వల్ల కాదు. సముద్రం చూస్తానంటే — ఆ ఇసుకలో నడవడం నీ వల్ల కాదు. ఊరికి ఇంత దగ్గర సముద్రం! ఆమెకు దాని గాలి తెలుసు. దాని ఇసుక తెలుసు. సముద్రం మాత్రం తెలియదు.

కూర్చుని చేసే పని నేర్పించారు. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే మోటార్లు కాలిపోతే, వాటికి కొత్త రాగితీగ చుట్టే పని. షెడ్డులో ఒక మూల, కిటికీ పక్కన. బండి ఎదురుగానే. చుట్టినన్నాళ్లూ దాన్ని చూస్తూనే చుట్టింది. నాయన తాళం ఎలా తిప్పుతాడో, గేరు ఎలా లాగుతాడో, చూసి చూసి కళ్లకే వచ్చేసింది.

నాయన పోయి ఏడాది. షెడ్డు తమ్ముడు హరినాథ్ చూసుకుంటున్నాడు. బండి కూడా అతనిదేనని ఎవరూ అనలేదు.

కాదని కూడా ఎవరూ అనలేదు.

కావలి నుంచి విజయభాస్కర్ బండి కొనడానికి వచ్చాడు. రొయ్యపిల్లల హేచరీ ఉన్న ఆసామి. బండి చుట్టూ తిరిగాడు. ముచ్చటపడ్డాడు. ఎక్కి కూర్చుని క్లచ్ మీద కాలు పెట్టాడు.

"అబ్బా!" అన్నాడు.

ఆయన ఎడమ మోకాలికి ఈమధ్యే ఆపరేషన్ అయింది.

"దాందేముందన్నా," అన్నాడు హరినాథ్ వెంటనే. "హైడ్రాలిక్ క్లచ్ పెట్టేస్తా. పూల మీద కాలేసినట్టుంటాది."

వనజాక్షి చేతిలో రాగితీగ నిలిచిపోయింది.

దాందేముంది!

ముప్పై ఏళ్లుగా కొండలా అడ్డం నిలబడ్డది... దాందేముందట.

సామాను వచ్చింది. చెప్పుల పెట్టెంత అట్టపెట్టె. పెడల్ దగ్గర ఒక చిన్న సిలిండరు, గేరుబాక్సు దగ్గర ఇంకొకటి, రెంటికీ మధ్య సన్నటి గొట్టం. గొట్టం నిండా బ్రేక్ ఆయిల్. ఇక్కడ మెల్లగా తొక్కితే చాలు, అక్కడ ఆయిలే గట్టిగా తోస్తుంది. కొత్త వింతేం కాదు. షెడ్డుకొచ్చే లారీలకు, వ్యాన్లకు ఎప్పటి నుంచో ఉన్నదే. నాయన ఎన్ని విప్పాడో, ఎన్ని బిగించాడో! ఈమె కళ్లెదుటే. ఈమె అందించిన గుడ్డతోనే చేతులు తుడుచుకుంటూ.

అంటే... తెలుసు.

నాయనకు తెలుసు.

ఇంతేనా? తన కాలికీ ఆ బండికీ మధ్య ఉన్నది ఈ అట్టపెట్టేనా?

హరినాథ్ పాత కడ్డీలు ఊడదీసి నేల మీద పడేశాడు. స్ప్రింగు దొర్లుకుంటూ వచ్చి ఆమె కుర్చీ కాలికి తగిలి ఆగింది. చేతిలోకి తీసుకుంది. తుప్పు, గ్రీజు, ఇసుక. దీన్ని చూసుకునా అంతమంది మగాళ్లు అంత మురిసిపోయింది?

ఇంజను వెనక రేకుకు రంధ్రం వేశాడు. సిలిండర్లు బిగించాడు. గొట్టం కలిపాడు. ఆయిల్ పోశాడు. ఇక గొట్టంలో చిక్కుకున్న గాలి తీయాలి. బుడగ మిగిలితే క్లచ్ పట్టదు. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు బండి కింద పడుకుని మర విప్పాలి. ఒకరు సీట్లో కూర్చుని తొక్కాలి.

షెడ్డులో ఇంకెవరూ లేరు.

"అక్కా, ఓసారి వచ్చి కూచో. నేను తొక్కమన్నప్పుడు తొక్కు, చాలు."

మోకాలి మీద చెయ్యి వేసుకుని వెళ్లింది. నాయన సీటు. నాయన ఒంటికి అలవాటుపడి గుంటపడిన తోలు. తుడిచింది ఎన్నిసార్లో. కూర్చోవడం ఆ రోజు తర్వాత ఇదే.

"తొక్కు."

తొక్కింది.

"పట్టుకో."

పట్టుకుంది. కింద మర తిరిగింది. బుస్సుమని గాలి... పెడల్ అడుక్కి దిగిపోయింది.

"వదులు."

మొదట పెడల్లో ప్రాణం లేదు. తొక్కితే ఊరికే పడిపోయింది. పైకి రమ్మంటే రాలేదు, కాలివేళ్లతో ఎత్తాల్సి వచ్చింది. తొక్కు. పట్టుకో. వదులు. కొంచెం కొంచెంగా బిగువు వచ్చింది. అరికాలికి ఎదురు తగిలింది. తొక్కు. పట్టుకో. వదులు.

ఉన్నట్టుండి చూసుకుంది. చేతులు రెండూ స్టీరింగ్ మీద ఉన్నాయి.

మోకాలి మీద చెయ్యి లేదు. ఎప్పుడు తీసిందో!

కాలు తొక్కుతోంది. దానంతట అదే తొక్కుతోంది.

ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

"హరీ, ఇది నాయనుండంగానే పెట్టొచ్చు గదరా?"

"పెట్టొచ్చు."

"మరి నాకెందుకు పెట్టలా?"

కింద పానా ఇంకో చుట్టు తిరిగింది.

"నువ్వు అడగలేదు గదక్కా."

అడగలేదు!

నిజమే, అడగలేదు. నీ వల్ల కాదన్న నోళ్లను ఏమని అడగాలి? కావలి ఆసామి మాత్రం అడిగాడా? అబ్బా అన్నాడు, అంతే. ఆ ఒక్క అబ్బాకు అట్టపెట్టె నడిచొచ్చింది. చెప్పు ఊడిపడేలా తొక్కిన ఆడపిల్ల పంటిబిగువు ఎవరికీ వినపడలేదు.

"తొక్కక్కా... పట్టుకో... వదులు. చాలు, అయిపోయింది."

హరినాథ్ బండి కింది నుంచి వచ్చాడు. జాకీ దించాడు. చేతులు తుడుచుకుంటున్నాడు. గేటు దగ్గర హారన్ మోగింది. విజయభాస్కర్ బండి తీసుకుపోవడానికి వచ్చాడు.

"దిగక్కా, ఆయనొచ్చేసినాడు."

తాళం దానికే ఉంది.

తిప్పింది.

ఇంజను ఉరిమింది. ఇంట్లో గిన్నెలు అదిరాయి. కోళ్లు గోడెక్కాయి. క్లచ్ అడుక్కంటా తొక్కింది. చేతి బ్రేకు తీసింది. గేరు లాగింది. కిర్రుమనకుండా పడింది మొదటి గేరు.

హరినాథ్ పరుగెత్తి ముందుకొచ్చి, రెండు చేతులూ బానెట్ మీద వేసి నిలబడ్డాడు.

"అక్కా! ఏందిది? కాలు జారితే నా మీదికొస్తాది!"

"నాయన ఏమన్నాడ్రా? తొక్కిన రోజు బండి నీదే అన్నాడా, లేదా?"

"అది ఎగతాళికన్న మాట గదక్కా..."

"ఎగతాళికే. నాకూ తెలుసు. అన్నాడా, లేదా?"

అతను బానెట్ మీద చేతులు ఇంకా గట్టిగా ఆనించాడు.

గేటు దగ్గర విజయభాస్కర్ ఎడమచెయ్యి మోకాలి మీద వేసుకుని నిలబడి చూస్తున్నాడు. ఆయన వెనక రోడ్డు. రోడ్డుకు అవతల సరుగుడు తోపులు. తోపులు దాటితే మైపాడు సముద్రం.

"పక్కకు తప్పుకో హరీ."

"మాట వినక్కా..."

తప్పుకోలేదు.

కాలు అలిసిపోతోంది. పిక్కలో సన్నగా వణుకు మొదలైంది. ఈ కాలు ఎప్పుడు అలిసినా ఆమె ఉన్నచోటే కూలబడింది. ఇప్పుడు అలిస్తే... బండి ముందుకు పోతుంది.

ఆ సంగతి తమ్ముడికీ తెలుసు. ఆమె మోకాలి వైపే చూస్తున్నాడు.

ఉప్పు గాలి వచ్చింది. నల్లటి బానెట్ మీద, తమ్ముడి చేతుల మీద, ఇంత ఇసుక చల్లింది.

వనజాక్షి తుడవలేదు.