గుట్ట మీదికి పొడి దారి

చెక్ దేశపు బ్ర్డీ అడవిలో, మా ఊరి వెనక గుట్ట మీద అమెరికా వాళ్ళు రాడార్ పెడతారని ప్రాగ్ నుంచి వార్త వచ్చింది. ఎగిరొచ్చే క్షిపణిని అది ముందే పసిగడుతుంది, మనకు రక్షణ అన్నారు కొందరు. యుద్ధమంటూ వస్తే మొదటి క్షిపణి దాని మీదే పడుతుందన్నారు మిగతావాళ్ళు. ఆ ఏడు, 2007 జనవరిలో చైనా తన పాత ఉపగ్రహాన్ని తానే పేల్చేశాక పబ్‌లో వాదన ముదిరింది. ఆకాశంలో కొట్టుకునేవాళ్ళకి నా బల్లలే దొరికాయా అని పబ్ నడిపే బొహ్దనా విసుక్కునేది.

మేయర్ వెండెలీన్ ఊళ్ళో ఓటింగు పెట్టించాడు. రాడార్ వద్దనే ప్రకటన రాసింది అతని బావమరిది ఒటకర్. భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరైనవాడు. అతని మాటకి ఊళ్ళో విలువుంది.

అడవి సైన్యం చేతిలో ఉంది, మమ్మల్ని శని, ఆదివారాలే రానిస్తారు. వెళ్ళేది పుట్టగొడుగుల కోసం. అవి దొరికే చోటు మా దగ్గర కన్నకొడుక్కి కూడా చెప్పరు. గుట్ట కింద బురద నేల. దాన్ని తప్పించుకుని పైకెళ్ళే దారి వెండెలీన్‌కే తెలుసు. అతని చోటు ఆ దారిలోనే ఉంది. అంతకుముందు శరదృతువులో మోకాలు వాచి మంచం దిగలేక, ఆ దారి ఒటకర్‌కి గీసి చూపించాడు. ఒటకర్ బుట్ట నిండా తెచ్చిచ్చాడు.

ఓటింగుకి వారం ముందు వెండెలీన్ తనే వెళ్ళాడు. దారి పొడవునా ఎర్ర రంగు పూసిన కొయ్యలు పాతి ఉన్నాయి. అతను తిన్నగా పబ్‌కి వచ్చి ఒటకర్ ఎదురుగా కూర్చున్నాడు. నేను పక్క కుర్చీలో ఉన్నాను.

కొయ్యల సంగతి అడిగితే ఒటకర్ కాదనలేదు. రాడార్ సర్వే వాళ్ళకి దారి చూపించే మనిషి కావాల్సొచ్చింది, వెళ్ళానన్నాడు.

"నేను చూపించకపోయినా కనుక్కునేవాళ్ళు బావా. వాళ్ళకి పైనుంచి అన్నీ కనిపిస్తాయి."

"మరి నీతో ఏం పనిరా?"

ఒటకర్ గ్లాసు పక్కకి జరిపాడు. అరవై ఎనిమిదిలో రష్యా ట్యాంకులు మన రోడ్ల మీదికొచ్చిన రోజు తను మరిచిపోలేదన్నాడు. రాడార్ రావాలనే తన కోరికట. ఊరంతా వద్దంటుంటే నోరు పెగల్లేదట.

"రాడార్ కావాలని నా మొహం మీద చెప్పుంటే పోట్లాడేవాణ్ణి," అన్నాడు వెండెలీన్. "పోట్లాడి, మళ్ళీ ఇక్కడే కూర్చుని నీతో తాగేవాణ్ణి."

ఒటకర్ రాడార్ వద్దనే కమిటీ నుంచి తప్పుకుంటానన్నాడు. వెండెలీన్ ఒప్పుకోలేదు. రాసినవాడే తప్పుకున్నాడని తెలిస్తే సగం ఊరు ఓటుకి రాదు, గుట్ట పోతుంది.

"శనివారం అందరి ముందు నువ్వే చదువు. రాసింది నువ్వేగా."

శనివారం స్కూలు హాల్లో ఒటకర్ చదివాడు. ఈ గుట్టని మేం ఎవరికీ ఇవ్వం అన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ముసలాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. బొహ్దనా లేచి చప్పట్లు కొట్టింది. మేయర్ కాబట్టి వెండెలీన్ కూడా కొట్టాడు.

తర్వాత అక్కడే ఓట్లు వేసి లెక్కపెడితే వద్దన్నవే గెలిచాయి. జనం ఒటకర్‌ని భుజం తట్టి మెచ్చుకుంటూ బయటికి నడిచారు. అతను వెనక్కి వచ్చి వెండెలీన్ ముందు చెయ్యి చాపాడు. వెండెలీన్ ఓట్ల పెట్టె రెండు చేతులతో ఎత్తుకుని, పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.