నాలుగు కిలోల లెక్క

ల్యాబ్‌లో డిస్టిలేషన్ టవర్లో నాలుగు కిలోల మిశ్రమం పోశాం. మరిగించి, చల్లార్చి, పన్నెండు సీసాల్లో పట్టిందంతా కలిపితే మూడు కిలోల ఏడువందల అరవై గ్రాములు. మిగతాది ఏమైందో తేలందే ల్యాబ్ మేడమ్ సంతకం పెట్టరు. నాలుగింటిలోగా సంతకం పడకపోతే ఇద్దరం ఇంకో సెమిస్టరు ఇక్కడే.

ఇది మూడో రోజు. పొద్దున ఏడింటి నుంచి నిలబడే ఉన్నాం. కాళ్లు నావేనా అనిపిస్తోంది. మా ఆయన (పెళ్లయి పద్దెనిమిది రోజులే, ఈ మాట రాయడం ఇంకా సరదాగానే ఉంది) కాలిక్యులేటర్ని పగవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. ముక్కు మీద కళ్లద్దాలు నొక్కుకున్న ఎర్రటి గుర్తు. ఇంత నీరసంలోనూ ముద్దొచ్చాడు.

"రెండొందల నలభై కలిపి రాసేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. జన్మంతా దెప్పుతాను."

"ఇప్పుడు దెప్పట్లేదా?"

అటెండరు నేల తుడుస్తూ నవ్వాడు. "అప్పుడే లెక్కల్లో తేడాలా అమ్మాయ్? మా ఇంట్లో పదేళ్లు పట్టింది."

గొట్టాల కీళ్లన్నీ మళ్లీ తడిమి చూశాం. ఎక్కడా చుక్క లేదు. ఇక చేసేదేం లేక మొదటి సీసా మూత తీసి తూకం మీద పెట్టాను. అతను చెయ్యి చాపి మూత బిగించాడు.

"మూతెందుకు?" అన్నాను.

"ఖాళీ సీసాలు మూతలతోనే తూచానుగా."

"నిండినవన్నీ నేను మూతలు తీసి తూచాను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మూడు రోజులూ ఇదే వరస. పని ఎంత ముచ్చటగా పంచుకున్నామంటే, ఒకరినొకరు అడగనే లేదు.

పన్నెండు మూతలూ కలిపి తూచాం. రెండువందల పదహారు. అతను నా భుజంలో మొహం దాచుకుని ఊగిపోయాడు. నవ్వో ఏడుపో అడిగే ఓపిక లేకపోయింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా మేడమ్ కాగితం అందుకున్నారు. "మిగతా ఇరవై నాలుగు?"

"మూతలు తీసినప్పుడు ఆవిరైపోయుంటుంది మేడమ్."

"లెక్క గ్రాముతో సహా సరిపోయుంటే మాత్రం పెట్టేదాన్ని కాదు," అంటూ సంతకం పెట్టారు.

ఎగిరి గంతేయాలనుకున్నాను, మోకాళ్లు ఒప్పుకోలేదు. బయట బస్టాపు బెంచీ మీద కూలబడ్డాం. రెండు నిమిషాల్లో అతను నా మీద వాలి నిద్రపోయాడు. మా బస్సు వచ్చింది. కండక్టరు ఎక్కుతారా అన్నట్టు చూశాడు. తల అడ్డంగా ఊపాను.