పెదాలతో చేసే ఉద్యోగం

ఏడాదంతా తెగ మాట్లాడి, ఒక్క మాట కూడా ఎవరి చెవినా పడనివాళ్ళు లోకంలో ఉంటారా అంటే, ఉంటారు. మనవాడు అలాంటివాడే. సినిమాల్లో హీరో వెనకాల బల్లల దగ్గర కూర్చుని కబుర్లలో మునిగిపోయి కనిపిస్తారే జనం, ఆ జనంలో ఒకడు. ఒకరోజు బస్సులో ప్రయాణికుడు, ఇంకోరోజు బ్యాంకులో ఖాతాదారు, మరోరోజు ఖాళీ కప్పులోంచి కాఫీ తాగే పెద్దమనిషి. వేషం ఏదైనా పని ఒకటే. పెదాలు ఆడాలి, గొంతు ఆడకూడదు. ముందున్న హీరో మాటలు మైకులో శుభ్రంగా పడాలి కాబట్టి, వెనకున్నవాళ్ళు చప్పుడు లేకుండా మాట్లాడాలి.

ఆ రోజు మాత్రం సంగతి వేరు. ఆ రోజు మనవాడికి ఒక మాట ఇచ్చారు. ఆసుపత్రి సెట్లో, ఆపరేషన్ గది బయట బెంచీ మీద హీరోయిన్ కూర్చుని ఉంటుంది. మనవాడు వార్డుబాయ్ వేషంలో తలుపు తోసుకుని వచ్చి, "ఆపరేషన్ అయిపోయిందమ్మా, మిమ్మల్ని లోపలికి రమ్మంటున్నారు" అనాలి. అంతే. వినడానికి చిన్నదే గానీ, మనవాడి బతుకు దాని మీదే ఆధారపడి ఉంది. అందుకు కారణం వాళ్ళ బావ.

ఏడాది కిందట ఉద్యోగం మానేసి, నటుడినవుతానంటూ పెట్టె పట్టుకుని అక్క గుమ్మం ఎక్కినప్పుడు, అక్క ముఖం మాడ్చుకుంది. బావ మాత్రం కోప్పడలేదు. ఆయనది టైర్ల షాపు. ఏ బండి ఎంత దూరం నడుస్తుందో చూడగానే చెప్పేస్తానని గర్వం. మనవాడిని కూడా అలాగే ఎగాదిగా చూసి ఒక ఒప్పందం పెట్టాడు.

"సంవత్సరం టైమిస్తాను. ఈలోగా సినిమాలో నీ నోట ఒక్క మాట వినిపించినా చాలు, నువ్వు నటుడివే. ఇంకెప్పుడూ నిన్ను ఏమీ అడగను. వినిపించలేదనుకో, మారుమాట్లాడకుండా వచ్చి నా షాపు కౌంటర్లో కూర్చోవాలి."

ఒక్క మాటేం ఖర్మ, పేజీలకు పేజీలు చెప్పి పారేస్తాననుకుని మనవాడు ధీమాగా తలూపాడు. ఆ ధీమా ఎన్నాళ్ళో నిలవలేదు. ఆడిషన్లలో ఒకరు పొడుగెక్కువన్నారు, ఒకరు మరీ మామూలు ముఖమన్నారు, చాలామంది ఏ కారణమూ చెప్పకుండా పనికిరావనేశారు. గడువు ఇంకో పదిరోజుల్లో అయిపోతుందనగా ఈ వార్డుబాయ్ వేషం దొరికింది.

లైట్లు సర్దడం ఎంతకీ తెమలట్లేదు. సెట్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఈ ఏడాది అసలు ఏం చేశానా అని మనవాడు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. బాధపడుతూ కాదు. అతనికి చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని ఆరా తీసే జబ్బు ఉంది. ఆ జబ్బుతోనే ఏడాదంతా గడిపేశాడు.

మొదటిరోజు పెళ్ళి విందు సీన్. పక్కవాళ్ళతో మాట్లాడమన్నారు కదా అని మనవాడు నిజంగానే గొంతెత్తి మాట్లాడాడు. హీరో ప్రేమ సంగతి చెబుతుండగా వెనక నుంచి "మీదే ఊరండీ" అన్న కేక మైకులో పడింది. జనాన్ని సప్లై చేసే ఏజెంట్ వచ్చి, పెదాలూ గొంతూ వేరు వేరు ఉద్యోగాలనీ, తాను జీతమిచ్చేది పెదాలకేననీ నలుగురిలో తలంటి వెళ్ళాడు. ఆ తలంటు తర్వాత మనవాడికి కొత్త ప్రశ్న పుట్టింది. సరే, అందరూ నిశ్శబ్దంగా మాట్లాడుతున్నారు. కానీ ఏం మాట్లాడుతున్నారు?

అక్కణ్ణుంచి ఆరా మొదలైంది. కండక్టర్‌గా పనిచేసి రిటైరైన ఒకాయన తన పాత రూటులో స్టాపులన్నీ వరసగా చెప్పుకుంటాడు, చివరి స్టాపు వచ్చాక మళ్ళీ వెనక్కి వస్తాడు. పరీక్షలకు చదువుతున్న అమ్మాయి పాఠాలు వల్లెవేసుకుంటుంది. ఒకడు ఎదుటివాడిని ముఖం మీద చిరునవ్వు చెదరకుండా బండబూతులు తిడతాడు, వాడేమో తలూపుతూ వింటాడు. వీళ్ళందరిలో మనవాడిని ఊరించింది మాత్రం పెద్దమ్మ. ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. ఎందుకో ఏజెంట్ ఎప్పుడూ ఆమెనూ మనవాడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు, తల్లీకొడుకుల్లా ఉంటారని కాబోలు. కెమెరా తిరగడం మొదలుపెట్టగానే ఆమె పెదాలు గబగబా కదిలేవి, చేతులు తిరిగేవి, ఒక్కోసారి కళ్ళు కూడా చెమర్చేవి. ఆ పెదాలు చదవాలని మనవాడు నెలల తరబడి కళ్ళప్పగించి చూశాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"మా కోడలికి చెప్పలేనివన్నీ నీకు చెబుతున్నాను నాయనా" అందామె. "ఇంట్లో ఊరికే చెబుతానన్నా వినేవాళ్ళు లేరు. ఇక్కడ భోజనం పెట్టి, కూలిచ్చి మరీ చెప్పించుకుంటున్నారు."

మనవాడు పడీపడీ నవ్వాడు. నవ్వయ్యాక అనుమానమొచ్చింది. మరి నేనేం చెబుతున్నాను? మొదట్లో బట్టీపట్టిన డైలాగులు అప్పజెప్పేవాడు. అవి అయిపోయాక ఏది తోస్తే అది అనేవాడు. ఒకరోజు బ్యాంకు సీన్లో తన పెదాలను తానే గమనించుకున్నాడు. ఈ పని నాకు చేతకాదేమోనని భయంగా ఉంది పెద్దమ్మా, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అంటున్నాయి పెదాలు. పెద్దమ్మకు వినపడలేదు, ఆమె పెదాలు చదవదు. అయినా చెయ్యి చాచి అతని మణికట్టు మీద వేసింది. ఆ షాట్ చూసి, వెనక ఆ ఇద్దరూ భలే సహజంగా చేశారని ఎవరో అన్నారట. అది నటనేనా? ఎవరికీ వినపడదన్న ధైర్యం ఉంటేనే నిజం ఎందుకు బయటికొస్తుంది? కుర్చీలో కూర్చుని మనవాడు ఇంకా ఈ చిక్కుముడి విప్పుతూ ఉండగానే పిలుపొచ్చింది.

వారం రోజులుగా అక్క చేతికి కాగితమిచ్చి సాధన చేసిన వాక్యం. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. డైరెక్టర్ యాక్షన్ అన్నాడు. మనవాడు తలుపు తోసుకుని వచ్చాడు, హీరోయిన్ ఎదుట ఆగాడు, ఆమె కళ్ళలోకి చూస్తూ వాక్యం మొత్తం చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. చెప్పి, చక్కగా పక్కకు తప్పుకున్నాడు.

సౌండ్ చూసే ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, తట్టి, మళ్ళీ పెట్టుకున్నాడు. మైకు తీగ లాగి చూశారు, బ్యాటరీ మార్చారు. ఏ లోపమూ లేదు. అప్పుడు హీరోయినే నెమ్మదిగా అంది, అతని నోట్లోంచి అసలు శబ్దమే రాలేదని.

మనవాడికి అప్పుడు తట్టింది. కెమెరా ముందు నోరు తెరిస్తే గొంతు దానంతటదే మూసుకునేలా ఏడాదిపాటు అలవాటు చేశాడు. అది యజమాని చెప్పినట్టే విన్నది పాపం. సెట్లో నవ్వులు మొదలయ్యాయి. మళ్ళీ చేయించారు, ఈసారి మాట గంటకొట్టినట్టు పలికింది. హమ్మయ్య, గట్టెక్కానని మనవాడు ఊపిరి పీల్చుకున్నాడు.

కాసేపటికి అసిస్టెంట్ డైరెక్టరమ్మ వెతుక్కుంటూ వచ్చి, షాట్ ఓకే అయిందనీ, మొదటిదే ఉంచుతున్నారనీ చెప్పింది. మనవాడికి అర్థం కాలేదు, మొదటిదాంట్లో మాట లేదు కదా అన్నాడు. అదే బాగుందట. అతనేదో చెబుతున్నాడు, ఆమెకు వినపడటం లేదు, ఆ క్షణం ఆమె ముఖంలో వచ్చిన భయం ఎంత డబ్బు పోసినా రాదని డైరెక్టర్ మురిసిపోతున్నాడు. పోనీ తర్వాత డబ్బింగ్ చెప్పనా అని బతిమాలాడు మనవాడు. ఒక్క శబ్దం కూడా పెట్టొద్దన్నారని చెప్పి, అతని ముఖం తెర నిండా ఉంటుందని అభినందించి ఆమె వెళ్ళిపోయింది.

ముఖం తెర నిండా. మాట మాత్రం సున్నా. ఏడవాలో నవ్వాలో తెలియక మనవాడు ఇల్లు చేరేసరికి బావ భోజనానికి కూర్చున్నాడు. అక్క పక్కన స్టూలు మీద కూర్చుని గిన్నెలు తుడుస్తోంది. వినిపిస్తుందని ఒక అబద్ధం ఆడేస్తే సినిమా వచ్చేదాకా గడుస్తుంది. దారంతా అలాగే అనుకున్నాడు గానీ, తీరా అక్క ముఖం చూశాక నోరు రాలేదు. జరిగినదంతా చెప్పేశాడు. ఓడిపోయాను, ఎల్లుండి నుంచి షాపుకొస్తాను అన్నాడు.

బావ మొదట పొలమారేదాకా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆ చేసిందేదో ఒకసారి చేసి చూపించమన్నాడు.

మనవాడు గుమ్మం బయటికి వెళ్ళి తలుపు తోసుకుని వచ్చాడు. అక్క ఎదుట ఆగి, ఆమె కళ్ళలోకి చూస్తూ, గొంతు లేకుండా చెప్పాడు.

అక్క గుడ్డ చేత్తో పట్టుకునే లేచి నిలబడింది. "ఏమైందిరా?" అంది. అడిగాక తనకే సిగ్గేసి మళ్ళీ కూర్చుంది.

"ఏమన్నాడే?" అన్నాడు బావ.

"ఏమంటాడో నాకు తెలుసు. వారం నుంచీ నేనే కదా చదివించింది. అయినా లేచి నిలబడిపోయాను."

బావ నవ్వలేదు. భార్య చేతిలో నలుగుతున్న గుడ్డను కాసేపు చూశాడు, తర్వాత మనవాడిని చూశాడు. ఏడాది కిందట చూసినట్టే, ఎగాదిగా.

"నా కౌంటర్లో కూర్చునేవాడు పొద్దస్తమానం బేరాలాడాలి. దానికి నోరుండాలి" అన్నాడు. "నువ్వు పనికిరావు పో."

పనికిరావన్న మాట ఆ ఏడాదిలో మనవాడు ఎంతమంది నోట విన్నాడో లెక్కలేదు. ఒక్కసారీ ఏడవలేదు. ఇప్పుడు మాత్రం గోడ వైపు తిరిగి, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడు.