రాయిస్ రాసిన ముప్పై ఏడు పనులు

అత్తగారి తలకు నీళ్లు పోస్తుంటే కుడి చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు. నడీన్ మగ్గును ఎడమ చేతికి మార్చుకుంది. వంటింటి సింకు మీదికి వంగిన ఓపల్ "చెవిలో పోస్తున్నావేమ్మా, ఏడాదైనా ఆ చెయ్యి అలవాటు కాలేదా?" అంది. ఏడాది కిందట నడీన్ ఫ్రీజర్ల ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వస్తుంటే, సరుకుల ట్రక్కు ఒకటి ఎర్రలైటు దాటుకొచ్చి కారును గుద్దేసింది. భుజానికి ఒక ఆపరేషన్ అయింది, ఇంకొకటి చేయాలన్నారు. అయినా ఇంట్లో పొయ్యి ఆరిపోనివ్వలేదు ఆమె. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజునే ఎడమ చేత్తో బీన్స్ ఉడికించి, మొక్కజొన్న రొట్టె కాల్చింది. మొగుడు రాయిస్ తిని, ఉప్పు తగ్గిందన్నాడు.

ట్రక్కు కంపెనీ రాజీకొచ్చి లక్ష డాలర్లు ఇస్తానంది. రెండో ఆపరేషన్ చేయించుకుని, ఆర్నెల్లు ఫ్యాక్టరీ మానేసి చెయ్యి బాగుచేసుకోవాలి, నడీన్ ఆశంతా అదే. ఇంతలో ఫ్యాక్టరీ ఆరోగ్య పథకం నుంచి ఉత్తరం. మొదటి ఆపరేషన్‌కు తాము పెట్టిందంతా ఆ డబ్బులోంచి ముందు తమకే కట్టాలట. కడితే ఆమెకు మిగిలేది లాయరు ఫీజు పోను బస్సు చార్జీలు. పంతొమ్మిదేళ్లుగా వారం వారం జీతంలోంచి కోసుకున్నది మరి దేనికట? ఒళ్లు మండిపోయింది ఆమెకు.

మర్నాడు మొగుడూ పెళ్లాలిద్దరూ లాయరు హెన్స్‌లీ దగ్గరికి వెళ్లారు.

"ఒక దారుంది నడీన్ గారూ" అన్నాడాయన. "పథకం వాళ్లు మీ వాటా మీదే చెయ్యి వేయగలరు, మీవారి వాటా జోలికి రాలేరు. భార్య చేసే సేవలు పోగొట్టుకున్న భర్తకూ నష్టపరిహారం ఉంటుంది. ఎక్కువ భాగం ఆయన పేరున రాయిద్దాం. ఏమేం పోయాయో మీవారు రాసిచ్చారు కూడా."

రెండు పేజీలు. రాయిస్ చేతిరాతే. ఒకటి, పొద్దుటి టిఫిన్. రెండు, రాత్రి వంట. తొమ్మిది, పని చొక్కాల ఇస్త్రీ. పదిహేడు, అమ్మకు తలంటు. ముప్పై ఒకటి, నేను చూడకముందే ఊడిన గుండీలు కుట్టి పెట్టడం. మొత్తం ముప్పై ఏడు. నడీన్ చివరిదాకా చదివింది. ఇంట్లో ఉండేది ముగ్గురం, ఏం పనుంటుందే నీకు అని ఇరవై ఆరేళ్లుగా అన్న మనిషి ఇతనే. నీరసంగా ఉందంటే ఏం చేసి అలిసిపోయావన్నదీ ఇతనే. చూడలేదేమో పాపం అని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకుంది. గుండీలతో సహా అన్నీ చూశాడు. చూసి, ఊరుకున్నాడు.

"ఇందులో నీకేది పోయింది రాయిస్?"

"కాగితం మీదే కదా. డబ్బు ఇంట్లోకే వస్తుంది, ఎవరి పేరునైతే ఏం?"

"భుజం విరిగింది నాకు. ఒంటి చేత్తో వండి పెడితే మూడు పూటలా తిన్నావు నువ్వు. నష్టపోయింది నువ్వని నేను సంతకం పెట్టాలా?"

రాయిస్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇది కాకపోతే పథకం వాళ్లతో పేచీ పడాలి" అన్నాడు లాయరు. "వాళ్ల నియమాల పుస్తకం తెప్పించాలి, వాళ్లు రాసుకున్న ప్రతి ఖర్చు గురించీ నిలదీయాలి. నెలలు పడుతుంది. ఎంత తగ్గిస్తారో, అసలు తగ్గిస్తారో లేదో చెప్పలేను."

నడీన్‌కు భయం వేసింది. ఆ చెయ్యి ఇలాగే ఉండిపోతే బతుకంతా ఇంతే. అయినా ఇంకొకరి నష్టంగా రాయించుకుంటే, తన నొప్పి ఇక ఏ లెక్కలోనూ ఉండదు.

"ఆ పేచీ నా పేరునే పెట్టండి. పుస్తకం ఇమ్మని ఉత్తరం నేనే రాస్తా, ఇవాళే. ఎడమ చేతి రాత వంకరగా ఉంటుంది, చదువుకుంటారు." రెండు పేజీలూ మడిచి సంచిలో పెట్టుకుంది.

రాయిస్ కారును ఇంటి మలుపు తిప్పాడు. తర్వాత ఎప్పటిలాగే అడిగాడు. "రాత్రికి ఏం వండుతున్నావ్?"

నడీన్ సంచిలోంచి ఆ కాగితాలు తీసి స్టీరింగ్ ముందు పెట్టింది.

"వంట రెండో నంబరు. మీ అమ్మ తలంటు పదిహేడు. నువ్వు పోగొట్టుకున్నవన్నీ వరసగా నువ్వే రాసుకున్నావు. ఇవాళ్టి నుంచి అవి నిజంగానే పోయాయి."